ఇకనైనా మగవాళ్ల వంతు

(జనవరి 3, సావిత్రిబాయి ఫూలే జయంతి నాడు మా వాడ కమ్యూనిటీ హాల్లో జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

 

సభ పెట్టిన తమ్ముళ్లు నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. అది ప్రతి ఏడాదీ మాట్లాడుతూనే ఉన్నాను. ఈసారి మనం ఇంట్లో కూడా గొంతు తగ్గించి మాట్లాడుకునే సంగతి మైకులో చెప్తాను. పిల్లలు పుట్టకుండా ఆపుకునే సంగతి. అదీ మగవాళ్ల వైపు నుంచి. వెనక కుర్రాళ్లు నవ్వుతున్నారు. నవ్వండి, నవ్వాక వినండి.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. మా అమ్మకి పిల్లల ఆపరేషన్ అయినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. క్యాంపులో చేశారు. అయినోళ్లందర్నీ వరండాలో కింద వరసగా పడుకోబెట్టారు. మా నాన్న బయట చింతచెట్టు కింద బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. నెల తిరక్కుండానే అమ్మ మిరపకోతకు పోయింది. పోకపోతే పొయ్యి వెలగదు. సరే, అది చదువులేని తరం అనుకుందాం. మరి నేను? మా వంశంలో మొదటి డిగ్రీ నాది. స్త్రీల హక్కుల మీద ఊరూరా ఉపన్యాసాలు ఇచ్చినోణ్ణి. మాకు రెండో బిడ్డ పుట్టాక ఆపరేషన్ టేబుల్ ఎక్కింది నా భార్య. "నేను చేయించుకుంటాను" అనే మాట నా నోటికి రాకపోవడం కాదు, అసలు నా బుర్రలోకే రాలేదు. ఇదీ నా చదువు.

ఇది నా ఒక్కడి ఇంటి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశంలో పెళ్లయి, పిల్లల్ని కనే వయసులో ఉన్న ఆడవాళ్లు నూరు మందిలో దాదాపు 38 మందికి ఆపరేషన్ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో అయితే నూటికి 70 మంది దాకా. మగవాళ్ల ఆపరేషన్ దేశం మొత్తమ్మీద ఎంతో తెలుసా? నూటికి 0.3. అంటే వెయ్యి జంటల్లో ముగ్గురు మగవాళ్లు! కోత చూస్తే మగవాళ్లదే చిన్నది. పొట్ట కొయ్యనక్కర్లేదు. పది, ఇరవై నిమిషాల పని.

మరి మగవాళ్లు ఎందుకు రారు? ఒకటి, బలం పోతుందని భయం. మూటలు మోసేవాళ్లం, తాపీపని చేసేవాళ్లం, ఒళ్లే మన ఆస్తి. ఆ భయాన్ని నేను ఎగతాళి చెయ్యను. కానీ నిజం చెప్పాలి. వేసెక్టమీలో వీర్యకణాలు బయటికొచ్చే దారి మాత్రమే మూస్తారు. మగతనానికి, కండకి కావలసిన హార్మోను నెత్తుట్లో కలుస్తుంది, ఆ దారిన రాదు. కనుక బలం పోదు, కోరిక పోదు.

రెండోది, ఎమర్జెన్సీ గాయం. 1976-77లో ఒక్క ఏడాదిలో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. అందులో 62 లక్షలు మగవాళ్లవి. ఎవరివి? జమీందార్లవా, కలెక్టర్లవా? ఎక్కువగా బీదోళ్లవి, అడిగే దిక్కులేనోళ్లవి. హర్యానాలో ఉత్తావర్ అనే ఊరిని 1976 నవంబర్‌లో పోలీసులు చుట్టుముట్టి మగవాళ్లని పట్టుకుపోయారు. ఆ తర్వాత ప్రభుత్వాలు మగవాళ్ల జోలికి పోవడానికి భయపడి, భారమంతా ఆడవాళ్ల మీదకి తోశాయి. దాని ఫలితం ఏమిటి? 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ జిల్లాలో ఒక క్యాంపులో కొన్ని గంటల్లోనే 83 మంది ఆడవాళ్లకి ఆపరేషన్లు చేశారు. ఆ నెల ఆ జిల్లా క్యాంపుల్లో 13 మంది తల్లులు చచ్చిపోయారు. మూడేళ్లలో ఈ క్యాంపులు ఎత్తెయ్యమని 2016లో సుప్రీం కోర్టు చెప్పింది. 2022 ఆగస్టులో తెలంగాణ ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి చేశారు. నలుగురు పోయారు.

ఇప్పుడు కొత్త సంగతికొస్తాను. మగవాళ్లు కొన్నాళ్లు ఆపుకుని, కావాలనుకుంటే మళ్లీ బిడ్డని కనగలిగే పద్ధతుల కోసం శాస్త్రజ్ఞులు పని చేస్తున్నారు. ఒకటి మన దేశంలోనే పుట్టింది. పేరు రిసగ్. ఖరగ్‌పూర్ ఐఐటీ ప్రొఫెసర్ సుజయ్ గుహ ఆలోచన. మొదటి పరిశోధనా పత్రం 1979లో వచ్చింది. ఇందులో వీర్యనాళాన్ని కొయ్యరు. మత్తిచ్చి, ఆ సన్నగొట్టంలోకి జిగురులాంటి మందు ఎక్కిస్తారు. అది లోపలి గోడకి అంటుకుని, దాటిపోయే వీర్యకణాలను దెబ్బతీస్తుంది. 303 మంది పెళ్లయిన మగవాళ్ల మీద భారత వైద్య పరిశోధనా మండలి చేసిన పరీక్ష ఫలితాలు 2023లో అచ్చయ్యాయి. ఏడేళ్లు గమనించారు. గర్భం ఆపడంలో నూటికి 99 వంతులు పనిచేసింది. వేరే మందు ఎక్కించి దాన్ని కడిగేస్తే దారి మళ్లీ తెరుచుకుంటుందని జంతువుల్లో చూశారు. మనుషుల్లో ఆ రుజువు ఇంకా గట్టిగా రావాలి. ఇది గుర్తుపెట్టుకోండి.

రెండోది అమెరికాలో పరీక్షల్లో ఉన్న జెల్. రోజూ రెండు భుజాలకి రాసుకోవాలి. 222 మంది మీద పరీక్షించారు. 15 వారాలకల్లా నూటికి 86 మందిలో వీర్యకణాలు గర్భం రానంత తక్కువకి పడ్డాయని 2024లో చెప్పారు. మూడోది హార్మోను లేని మాత్ర, వైసీటీ-529. వీర్యకణాలు తయారవ్వాలంటే విటమిన్ ఏ పని చెయ్యాలి. ఆ పనికి ఈ మాత్ర అడ్డుపడుతుంది. 2025లో అచ్చయిన మొదటి పరీక్ష 16 మంది మీద, అదీ ఒంటికి పడుతుందా లేదా అని చూడ్డానికే. ఈ మూడింటిలో ఏదీ ఇంకా మందులషాపులో దొరకదు. ఎవడైనా అమ్మజూపితే నమ్మకండి.

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీద ఆడవాళ్లకి నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ మీద పరీక్ష పెట్టారు. అది పరీక్ష అని వాళ్లకి సరిగా చెప్పలేదు. హైదరాబాద్ స్త్రీ శక్తి సంఘటన వాళ్లు పోయి నిలదీశారు, 1986లో సుప్రీం కోర్టుకెక్కారు. అదే నెట్-ఎన్‌ని ఇంకో హార్మోనుతో కలిపి ఏడు దేశాల్లో 320 మంది మగవాళ్లకి ఇచ్చి చూశారు. అందులో మన దేశమూ ఉంది. దిగులు లాంటి ఇబ్బందులు వచ్చాయని 2011లో ఆ పరీక్ష మధ్యలో ఆపించారు. ఆపడం తప్పనను. మగవాడి దిగులు లెక్కలోకి వచ్చింది, మంచిదే. ఆడదాని దిగులు కూడా అంతే లెక్కలోకి రావాలి అంటాను.

అందుకని రేపు మన వాడకి ఎవరైనా కొత్త మందంటూ వస్తే పారిపోవద్దు, గుడ్డిగా వేలిముద్రా వెయ్యొద్దు. అడగండి. ఇది ఖాయమైన వైద్యమా, పరీక్షా? కాగితం తెలుగులో ఉందా? మధ్యలో మానుకోవచ్చా? ఒంటికి ఏదైనా అయితే వైద్యం ఎవరు చేయిస్తారు, నష్టపరిహారం ఎవరిస్తారు? చదువురాని మనిషి ఒప్పుకునేటప్పుడు పక్కన ఏ సంబంధమూ లేని సాక్షి ఉండాలని రూలు ఉంది. ఆ సాక్షి కోసం మన సంఘాన్ని పిలవండి.

బాబాసాహెబ్ ఈ సంగతి ఎనభై ఏళ్లకి పైగా కిందటే పట్టించుకున్నారు. 1938 నవంబర్ 10న బొంబాయి శాసనసభలో సంతాన నియంత్రణకి ప్రభుత్వం సాయం చెయ్యాలని ఆయన తయారుచేసిన తీర్మానం వచ్చింది. ఆయన పార్టీ సభ్యుడు పి.జె. రోహమ్ ప్రవేశపెట్టారు. అనుకూలం 11, వ్యతిరేకం 52. ఓడిపోయింది. ఓడిపోతుందని తెలిసీ పెట్టారు.

కొత్త మందు వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోవాలా? అక్కర్లేదు. నిరోధ్ ఇవాళే ఉంది. ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు, సుఖరోగాల్నీ ఆపుతుంది. పిల్లలు చాలనుకున్నవాళ్లకి వేసెక్టమీ ఉంది. రెండ్రోజులు విశ్రాంతి, వారం పాటు బరువుపని మానాలి. మూడు నెలలు నిరోధ్ వాడి, వీర్యపరీక్ష చేయించుకున్నాకే నిశ్చింత. మళ్లీ కలిపించుకోవచ్చు గానీ ఫలిస్తుందని గ్యారంటీ లేదు. కాబట్టి ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని నిర్ణయించుకోండి. ఎవరి బలవంతమూ వద్దు. సర్కారుదీ వద్దు, మొగుడిదీ వద్దు.

నా భార్య అదిగో, ఆడవాళ్ల వైపు మూడో వరసలో కూర్చుంది. ఇప్పటికీ నడుం నొప్పి అంటుంది. ఆపరేషన్ వల్లే అని నేను అనలేను, కాదనీ అనలేను. ఈ మాట ఆమె ముందు చెప్పడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది. తమ్ముళ్లూ, మీరు అంత ఆలస్యం చెయ్యకండి. ఈ రాత్రి ఇంటికి పోయి, "ఈసారి నా వంతు" అని ఒక్క మాట అనండి. తర్వాత సంగతి ఇద్దరూ కలిసి చూసుకోండి.

జై భీమ్!