పరాయి దేశంలో కొత్త సెమిస్టరు
(బరంపురంలో స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)

 

నేను బ్యాంకులో గుమస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా పెద్దమ్మాయి దక్షిణ కొరియాలో ఒక విశ్వవిద్యాలయంలో అకౌంటెన్సీ చెబుతోంది. 2024 ఫిబ్రవరి చివర్లో నేనూ, మా ఆవిడా వెళ్ళి ఆరు వారాలు ఆమె దగ్గరున్నాం. అక్కడ కొత్త సెమిస్టరు ఎలా మొదలవుతుందో చూసింది మీకు చెబుతాను.

అక్కడ చదువుల సంవత్సరం మార్చిలో మొదలవుతుంది. మార్చి 1 వాళ్ళకు జాతీయ సెలవు. జపాను పాలన మీద 1919లో లేచిన ఉద్యమాన్ని తలుచుకునే రోజు. ఆ ఏడు అది శుక్రవారం వచ్చింది. 4వ తేదీ సోమవారం క్లాసులు మొదలయ్యాయి. సెమిస్టరంటే 15, 16 వారాలు. సగంలో ఒక పరీక్ష, చివర ఒక పరీక్ష. నాలుగోవంతు క్లాసులకు రాకపోతే చాలాచోట్ల తప్పినట్టే లెక్క.

మొదటి వారం పిల్లలకంటే టీచరుకే పెద్ద పరీక్ష. ఆ వారంలో విద్యార్థులు కోర్సులు మార్చుకోవచ్చు. కావలసినంతమంది చేరకపోతే కోర్సు రద్దవుతుంది. విదేశీ టీచర్లలో చాలామందివి ఒకటి రెండేళ్ళ కాంట్రాక్టు ఉద్యోగాలు. సెమిస్టరు చివర విద్యార్థులే టీచరుకు మార్కులు వేస్తారు. కాంట్రాక్టు పొడిగించేటప్పుడు వాటినీ చూస్తారు. మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పే క్లాసుకు మొదటిరోజు 8 మందే వచ్చారు. 10 మంది ఉండాలి. మా ఆవిడ ఆ రాత్రి సరిగా అన్నం తినలేదు.

అమ్మాయి మాత్రం హాజరుపట్టీ ముందేసుకుని కూర్చుంది. పేర్లన్నీ కొరియా లిపిలోనే ఉన్నాయి. 1446లో సేజోంగ్ రాజు ప్రజలకిచ్చిన లిపి అది. ఇప్పుడు వాడుకలో ఉన్నవి 24 అక్షరాలు. మనలాగే వాళ్ళకూ ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. కిమ్, లీ, పాక్ అనే ఇంటిపేర్లు ఊరినిండా ఉంటాయి. ఆ ఎనిమిదిమందిలో ముగ్గురు కిమ్‌లే! "కిమ్" అని పిలిస్తే ఎవరు పలకాలి? అందుకని ఒక్కొక్క పేరూ పూర్తిగా, పైకి చదివి నేర్చుకుంది. రెండో క్లాసులో కాగితం చూడకుండా పిలిచిందట.

బ్యాంకు కౌంటరులో ముప్ఫై ఏళ్ళు కూర్చున్నవాణ్ణి కనుక దాని విలువ నాకు తెలుసు. పాసుపుస్తకం చూడకుండా పేరుపెట్టి పిలిస్తే ఆ ఖాతాదారు ముఖమే మారిపోతుంది.

వారం చివరికి 11 మంది అయ్యారు. పేర్లు పలకడం వల్లనే చేరారని నేననను. టైంటేబుల్ కుదిరి వచ్చినవాళ్ళూ ఉండవచ్చు. కోర్సు నిలిచింది, అంతే.

"ఈ భాష ఎలా పట్టుబడిందమ్మా?" అని అడిగాను. "నాన్నా, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. ఇంకొకటి నేర్చుకోవడానికి భయం వేయలేదు" అంది. కొరియా భాషలోనూ క్రియ వాక్యం చివరే వస్తుందట. మనం రా, రండి అన్నట్టే వాళ్ళు "వా", "వాయో" అంటారు. మన "గారు" లాంటిదే వాళ్ళ "నిమ్".

అక్కడ నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. 2016లో అమలులోకి వచ్చిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం, విద్యార్థి తనకు మార్కులు వేసే టీచరుకు కాఫీ డబ్బా కూడా ఇవ్వకూడదు. తలవంచి నమస్కరిస్తారు, రెండు చేతులతో కాగితం అందిస్తారు. అదే గౌరవం.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. "ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లలు బడిలో వెనకబడతారు" అని మనవాళ్ళే అంటుంటారు. దయచేసి ఆ మాట నమ్మకండి. ఇంటి భాష, బడి భాష వేరైన పిల్లకు మూడో భాష, నాలుగో భాష అంటే బెరుకు తక్కువ. అది ఆస్తి. దాన్ని మీ చేతులతో తీసేయకండి.

పిల్లలూ, విదేశీ విద్యార్థులకు కొరియా ప్రభుత్వం ఇచ్చే గ్లోబల్ కొరియా స్కాలర్‌షిప్ ఉంది. మామూలుగా మొదటి ఏడాదంతా వాళ్ళ భాషే నేర్పుతారు, ఆ తరువాతే డిగ్రీ చదువు. ప్రకటన వచ్చినప్పుడు నిబంధనలు స్వయంగా చదవండి. దరఖాస్తు నింపడంలో సందేహముంటే ఆదివారం ఉదయం మా ఇంటికి రండి, కూర్చుని చూద్దాం.

సెలవు.