కొండలు, చెరువులు: నల్లమల చుట్టును ఒక యాత్ర
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన యీ శుభసమయమున నన్నును రెండు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆదేశించిరి. నేను పండితుడను గాను. ఊరిలెక్కలు వ్రాసికొనుచు, తీరిక దొరకినపుడు ఈ బీరువాలలోని పుస్తకములను చదువుకొన్నవాడను. కావున శాస్త్రచర్చకు దిగక, గడచిన ఫాల్గుణమాసమున నేనును నా మిత్రుడును కారులో నల్లమల చుట్టును నాలుగు దినములు చేసిన యాత్రను మనవిచేసెదను.

మొదట ఒక చిన్నమాట. మన ఆలంకారికులు మహాకావ్యమునకు విధించిన అష్టాదశవర్ణనలలో శైలమునకు చోటున్నది, సముద్రమునకు చోటున్నది, చెరువునకు ప్రత్యేకముగ లేదు. కాని సప్తసంతానములను లెక్కించునపుడు సుతుని సరసనే తటాకమును కూర్చుండబెట్టిరి. అనగా కొండ వర్ణింపదగినది, చెరువు కని పెంచదగినది. కొండ దైవదత్తము, చెరువు మనుష్యుని బిడ్డ. ఈ భేదమును పుస్తకములలో ఎన్నిమారులు చదివినను, దాని బరువు నాకీ యాత్రలోనే తెలిసినది.

మేము మొదట పోరుమామిళ్ల చెరువును దర్శించితిమి. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు దీనిని కట్టించి 1369లో శాసనము వేయించెను. ఆ సంస్కృతశాసనమును శిల్పులును, రైతులును, లెక్కలు వ్రాయువారును తప్పక తెలిసికొనవలయును. వేయిమంది కూలీలు రెండేండ్లు పనిచేసిరనియు, రాతికి నూరు బండ్లు నడచెననియు అందు కలదు. మంచి చెరువునకు పండ్రెండు అంగములనియు, ఆరు దోషములనియు అందు వివరించిరి. ధర్మపరుడగు ప్రభువు, జలశాస్త్రమెరిగిన విప్రుడు, గట్టి నేల, తియ్యని నీటి యేరు, పనితనముగల మనుష్యులు, ఇవియెల్ల అంగములే. వానిలో చెరువునకు తాకియుండు కొండయు నొకటి. కట్ట ఆ కొండల నడుమ నిలువవలయునట. కొండయు చెరువును చుట్టములని రాతిపై చెక్కిన మాట యిది. దోషములలో ఒకదానిని చదివి నా మిత్రుడు పకపక నవ్వెను: చెరువు రెండు రాజ్యముల పొలిమేరయందుండరాదట! ఆ నవ్వు ఎందులకో మీకు ముందు బోధపడగలదు.

అచటినుండి గిద్దలూరు మీదుగా కంభము చేరితిమి. గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, కొండలను చీల్చుకొని బయటికి వచ్చు ఇరుకుదారిలో అడ్డముగ కట్ట పోసిరి. కట్ట యెత్తు 57 అడుగులు. ఇంత చిన్న కట్ట వెనుక నిలిచిన నీరు సుమారు ఏడు కిలోమీటర్ల పొడవున పరచుకొనును. మిగిలిన మూడువైపుల గోడలను కొండలే యిచ్చినవి. గజపతి కూతురును, శ్రీకృష్ణదేవరాయల దేవియునగు వరదరాజమ్మ దీనిని కట్టించెనని ఆ ప్రాంతమువారు చెప్పుదురు. కంభము చెరువును, పోరుమామిళ్ల చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థవారు వారసత్వ కట్టడములుగ గుర్తించిరి. మేము కట్టమీద నిలిచినపుడు ప్రొద్దు గ్రుంకుచుండెను. కొండల నీడ నీటిలో పడి, నీటి తళుకు కొండలపై ఆడుచుండెను. నేనొక పావుగంట మాటాడలేదు. నా మిత్రుడు మాత్రము తూము ఎచ్చటనున్నదని వెదకుచుండెను. "నీళ్లు చూస్తే సాలదు, ఏడికి పోతాండాయో సూడాల" అని ఆయన మాట.

మార్కాపురమున చెన్నకేశవస్వామిని సేవించి, మరునాడు దోర్నాల మీదుగా ఘాటురోడ్డు ఎక్కితిమి. ఈ మార్గము పెద్దపులుల అభయారణ్యములోనిది. రాత్రి వాహనములను పోనీయరు. వెదురుపొదలు, నల్లమద్ది మ్రాకులు, ఆకురాల్చి నిలిచిన టేకులు, అక్కడక్కడ చెంచుల గుడిసెలు. ఒక మలుపునకు లోయ కుడిప్రక్కను, మరియొక మలుపునకు ఎడమప్రక్కను కానవచ్చును. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రయందు పర్వతప్రకరణమని ఒక ప్రకరణమునే ఈ కొండకు సమర్పించెను. ఆ కాలపు యాత్రికుడు కాలినడకను దినముల తరబడి ఎక్కిన కొండను మేము గంటన్నరలో ఎక్కితిమి. సౌఖ్యము పెరిగినది, చూపు మాత్రము తగ్గినదని నాకు తోచినది. శిఖరేశ్వరమున నందికొమ్ముల నడుమనుండి ఆలయశిఖరమును జూచి, మల్లికార్జునుని, భ్రమరాంబను సేవించి, సాయంకాలమునకు ఆనకట్టను చూడబోయితిమి.

శ్రీశైలము ఆనకట్టకు 1963లో శంకుస్థాపన జరిగెను. 1981లో నీరు నిలిచెను. నిండినపుడు నీటిమట్టము సముద్రముపై 885 అడుగులు; నీరు పరచుకొను విస్తీర్ణము సుమారు 615 చదరపు కిలోమీటర్లు. కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల విద్యుత్తు పుట్టింపగల యంత్రములున్నవి. పోతిరెడ్డిపాడు వద్ద మలుపుకొన్న నీరు రాయలసీమ పొలములకును, తెలుగుగంగగా చెన్నపట్టణమునకును పోవుచున్నది. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట ఈ నీటికి ఒక గట్టు ఆంధ్రము, ఒక గట్టు తెలంగాణము. శాసనములోని దోషము చదివి మిత్రుడు నవ్వుట ఇందులకే! కొండల నడుమ పచ్చగ వంపులు తిరిగిన ఆ జలరాశిని చూచి పరవశింపనివారుండరు. కాని నా మిత్రుడు ఆ సాయంకాలము ఎక్కువగ మాటాడలేదు. ఆయన పుట్టిన ఊరు ఆ నీటిలో నున్నది.

మూడవనాడు దోర్నాలకు దిగి, రోళ్లపెంట, బైర్లూటి మీదుగా ఆత్మకూరు దారి పట్టితిమి. ఉగాది సమీపించుటచే కన్నడదేశపు భక్తులు నాగలూటి, పెదచెరువు, భీముని కొలనుల మీదుగా పోవు ప్రాతమార్గమున శ్రీశైలమునకు నడచిపోవుచుండిరి. పదునాలుగవ శతాబ్దిలో ప్రోలయవేమారెడ్డి శ్రీశైలమునకు మెట్లు కట్టించెనని చరిత్ర చెప్పుచున్నది. కొలనును, చెరువును అడవినడుమ మజిలీలుగ పెట్టుకొన్న మార్గమది. చేతికఱ్ఱ, తలపై మూట, నోట మల్లయ్య నామము. వారికి కారు అవసరము లేకపోయెను.

నాలుగవనాడు సంగమేశ్వరము చేరితిమి. కృష్ణాతుంగభద్రలును, భవనాశి మొదలగు నదులును కలియు క్షేత్రమని దానికి ప్రసిద్ధి. ధర్మరాజు ప్రతిష్ఠించెనని చెప్పు వేపదారు లింగము అచట కలదు. ఏటేట జలాశయము నిండినపుడు ఆ గుడి మునుగును. వేసవిలో నీరు తగ్గినపుడు మరల తేలును. మేము పోవునప్పటికి గోడలు బయటపడియుండెను. ముంపునుండి తప్పింపదలచి కూడలి సంగమేశ్వరాలయమును, పాపనాశి గుళ్లను రాయి రాయిగ విప్పి ఆలంపురమునకు తరలించి మరల నిలిపిరి. ఆ పని శ్లాఘనీయము. కాని మునిగిన సుమారు నూరు గ్రామములను అట్లు విప్పి తరలించు శిల్పి యెవ్వడు?

గుడికి కొంతదూరమున నెఱ్ఱెలువాఱిన ఒండుమీద నా మిత్రుడు నడువసాగెను. 1981లో ఊరు విడుచునప్పటికి ఆయన పండ్రెండేండ్ల బాలుడు. అచట నాకు కనబడినది పునాదిరాళ్ల వరుసలు, ఒక విరిగిన రోలు మాత్రమే. ఆయనకు ఊరంతయు కనబడెను. "ఇది మా కళ్లం. ఈడ నిలబడి మా నాయన వడ్లు కొలిపిస్తాండె. అదో, ఆ గుంత మంగలి బాయి. ఆ పక్కది గౌరమ్మ మడి, గౌరమ్మ ఎవరో మా అవ్వకు గూడ తెలీదు" అని ఒక్కొక్కటియే చూపెను. అరగంటలో పదునెనిమిది పొలముల పేర్లు చెప్పెను. నేను నా చేతిపుస్తకమున వ్రాసికొంటిని. పరిహారము లెక్కలలో ఆ పొలములు ఎకరములై, సెంట్లయి, రూపాయలై యుండును. పేర్లు ఏ కాలమునకును ఎక్కియుండవు. అవి ఆయనతో ఉన్నవి; ఆయనతోనే పోవును.

మహాజనులారా! ఆ జలాశయము నాకును అందమైనదే, ఆయనకును అందమైనదే. మన ఇండ్ల దీపములును, మన తమ్ముల పొలములును దానివలన వెలుగుచున్నవి; దానిని నిందించుట నా యుద్దేశము గాదు, నా మిత్రుని యుద్దేశమును గాదు. "పదిమంది తాగుతాండారు, మునిగినందుకు అదన్నా ఉండాది" అని ఆయనే యనెను. కాని చెరువు సంతానమైనపుడు, ఆ సంతానము కొరకు ఎవరు ఏమి వదలుకొనిరో వ్రాసియుంచుట మన విధి. భాస్కరుని శాసనము కూలీలను, బండ్లను సైతము లెక్కించెను. మనము ఊళ్లనైన లెక్కింపవలదా?

సప్తసంతానములలో తటాకముతోపాటు కృతియు నొకటి. పందొమ్మిదవ శతాబ్ది తొలిపాదమున కర్నలు మెకంజీ దొర కావలి సోదరుల సాయముతో గ్రామగ్రామమున కైఫీయత్తులు సేకరింపజేసెను. గ్రామకరణముల కవిలెలే వానికి చాలవరకు ఆధారము. ఆ కాగితములు లేకున్న మన సీమలోని ఎన్నియో ఊళ్ల పూర్వచరిత్ర మనకు దక్కెడిది గాదు.

కావున ఈ రజతోత్సవసభలో నా విన్నపమొక్కటి. మన గ్రంథాలయమున ఒక పెద్ద పుస్తకము పెట్టుదము. ఊరిలోని పెద్దలు ప్రతి ఆదివారము వచ్చి, తమకు తెలిసిన పొలముల పేర్లు, బావుల పేర్లు, తూముల పేర్లు, అవి యెట్లు వచ్చినవో చెప్పవలయును. చదువుకొన్న పిల్లలు వ్రాయవలయును. ఇతర గ్రామములనుండి, ముంపు గ్రామములనుండి వచ్చి మన నడుమ స్థిరపడినవారు తమ ఊరి సంగతిని అందే వ్రాయింపవచ్చును. మన ఊరు నేడు మునుగుట లేదు. అయినను పొలములు ప్లాట్లగుచున్నవి, బావులు పూడుచున్నవి, పేర్లు నీరు లేకయే మునుగుచున్నవి. ఆ పుస్తకమునకు మొదటి పుటగ నా మిత్రుడు చెప్పిన పదునెనిమిది పేర్లను శుభ్రప్రతి వ్రాసి తెచ్చితిని. కార్యదర్శిగారు స్వీకరింప ప్రార్థన.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమునుకూడ చూచుగాక!