మాత్రకు తోడు కీమో

అనకాపల్లి నుంచి విశాఖ వెళ్లే దారిలో, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది కదా. అది ముంబై టాటా మెమోరియల్‌కు అనుబంధం. ఆ ముంబై వైద్యులు చేసిన ఒక పరిశోధన గురించి నాలుగు మాటలు.

చుట్ట, బీడీ ముట్టనివాళ్లకూ ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుంది. కొందరిలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువు మారిపోయి, కణాన్ని ‘పెరుగు, పెరుగు’ అని ఆగకుండా పురమాయిస్తుంది. జెఫిటినిబ్ మాత్ర దాని నోరు నొక్కుతుంది. కొన్నాళ్లే సుమండీ! కణితి మరో దారి వెతుక్కుంటుంది.

మరి మొదట్నుంచే కీమో జోడిస్తే? 350 మంది రోగులను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. మాత్ర ఒక్కటే వాడిన జట్టులో సుమారు 8 నెలలకే సగంమందికి జబ్బు మళ్లీ ముదిరింది, లేదా ప్రాణం పోయింది. పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్ అనే కీమో మందులు కలిపినప్పుడు ఆ గడువు 16 నెలలైంది. ఫలితాలు 2019లో వెలువడ్డాయి.

ఈ లాభం ఊరికే రాలేదు లెండి. తీవ్రమైన దుష్ప్రభావాలు నూటికి 25 మంది నుంచి 51 మందికి పెరిగాయి. రక్తకణాలు పడిపోతాయి, అందుకే పెమెట్రెక్సెడ్‌కు ముందునుంచే ఫోలిక్ యాసిడ్ మాత్రలు, బి12 ఇంజక్షన్ ఇస్తారు. ఒంట్లో ఓపిక ఎంతుందో చూసి వైద్యులు నిర్ణయిస్తారు.

ఇదంతా ఆ జన్యుమార్పు ఉన్నవారికే. ఉందో లేదో సాధారణంగా బయాప్సీ ముక్కలోనే పరీక్షిస్తారు.