అండాశయ క్యాన్సరు: స్కానింగు చెప్పగలిగినది, చెప్పలేనిది

వ్యాధిని ముందుగా పసిగడితే ప్రాణం దక్కుతుందన్న మాట అందరూ విన్నదే. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు విషయంలో అది రుజువైన సత్యం. ఆ నమ్మకంతోనే, ఏ బాధా లేని స్త్రీలు సైతం అండాశయాలకు ఏటేటా అల్ట్రాసౌండు స్కానింగు చేయించుకోవడం మేలు కాదా అన్న ప్రశ్న తరచు వినవస్తున్నది. దీనికి సమాధానం ఊహలో కాక లెక్కలలో వెదకవలసి ఉన్నది.

అట్టి లెక్క బ్రిటనులో జరిగింది. 50 నుండి 74 ఏళ్ల వయసు గల, ముట్లుడిగిన స్త్రీలను రెండు లక్షలకు పైగా 2001–2005 మధ్య ఒక పరిశోధనలో చేర్చుకొన్నారు. ఒక వర్గానికి ఏటా యోని మార్గం ద్వారా అల్ట్రాసౌండు చేశారు. రెండవ వర్గానికి సి.ఏ.125 అనే రక్తపరీక్ష, అవసరమైనచో దాని వెంట స్కానింగు చేశారు. మూడవ వర్గానికి ఏ పరీక్షా చేయలేదు. ఆచార్య ఉషా మీనన్ ప్రభృతులు ఈ పరిశోధన తుది ఫలితాలను 2021లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. పదహారేళ్లకు పైబడిన పరిశీలనలో తేలినదేమనగా, మూడు వర్గాలలోనూ ఈ వ్యాధితో మరణించినవారు ఇంచుమించు 0.6 శాతమే. రక్తపరీక్ష చేసిన వర్గంలో తొలి దశలో బయటపడిన క్యాన్సర్లు పెరిగాయి గాని, మరణాలు తగ్గలేదు.

కారణం వ్యాధి స్వభావంలోనే ఉన్నది. ఈ క్యాన్సర్లలో ఉగ్రమైన రకం పెక్కుమార్లు అండవాహిక చివరన సూక్ష్మరూపంలో మొదలవుతుంది. అండాశయం ఉబ్బి తెరపై కనిపించే నాటికే అది ఉదరంలో వ్యాపించి ఉండవచ్చును.

పరీక్షే కదా, చేయించుకొంటే నష్టమేమి అనవచ్చును. అమెరికాలో 78,216 మంది స్త్రీలపై జరిగి, 2011లో ఫలితాలు వెలువడిన మరొక పరిశోధన దీనికి బదులు చెప్పింది. అక్కడ 3,285 మందికి క్యాన్సరు లేకుండానే అనుమానం కలిగింది. వారిలో 1,080 మందికి శస్త్రచికిత్స జరిగింది. 163 మంది తీవ్రమైన దుష్ఫలితాల పాలయ్యారు. లేని వ్యాధికి పొందిన కోత అది.

అంతమాత్రాన స్కానింగు వ్యర్థమని భావించరాదు. లక్షణాలున్న స్త్రీకి అది తొలి ఆసరా. తగ్గని పొట్ట ఉబ్బరం, పొత్తికడుపు నొప్పి, కొద్దిగా తినగానే కడుపు నిండినట్లుండడం, మాటిమాటికి మూత్రవిసర్జన: ఇవి కొత్తగా మొదలై, నెలలో పన్నెండు సార్లకు మించి కనిపిస్తే వైద్యుని కలవవలసినదే. ముఖ్యంగా యాభై దాటినవారు ఉపేక్షించరాదు. నిరుడు చేయించిన స్కానింగు బాగుందన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఇంటి భాష ఒకటి, ఆసుపత్రి భాష మరొకటి అయిన ఊళ్లలో ఇంకొక చిక్కున్నది. బాధనంతటినీ "గ్యాస్" అన్న ఒక్క మాటలో ముగించి, మాత్రతో తిరిగి వచ్చే తల్లులు ఎందరో. ఎన్నాళ్లుగా, నెలలో ఎన్ని రోజులు, తిండి ఎంత తగ్గింది అన్నవి కాగితంపై వ్రాసి తీసుకొని వెళ్లడం, వెంట వెళ్లిన కుమారుడో కోడలో వాటిని విడమరచి చెప్పడం ఎంతో ఉపకరిస్తుంది.

తల్లికి, అక్కచెల్లెళ్లకు, మేనత్తకు రొమ్ము లేదా అండాశయ క్యాన్సరు వచ్చిన కుటుంబాల సంగతి వేరు. బి.ఆర్.సి.ఏ. జన్యువులలో లోపం వంశపారంపర్యంగా సంక్రమించవచ్చును. తండ్రి వైపు నుండి కూడా అది రావచ్చును. అట్టివారు ఏటేటా స్కానింగుతో తృప్తి చెందక, జన్యు సలహా పొందడం శ్రేయస్కరం.

బాధ లేనివారికి స్కానింగు రక్షాకవచం కాదు. బాధ ఉన్నవారికి దానిని వాయిదా వేయడం క్షేమం కాదు. ఇంటిల్లిపాది ఆకలి కనిపెట్టే తల్లి, తన ఆకలి తగ్గిన సంగతిని కూడా గమనించుకోవాలి. ఇంటివారు ఆ మాటను చెవిన పెట్టాలి.