ఆక్టోపస్ జ్ఞాపకం

వానాకాలంలో గోడమీద పాకే నత్తను వేలితో తాకి చూడని పిల్లవాడు ఉండడు. తాకగానే అది కొమ్ములు ముడుచుకొని చిప్పలోనికి పోతుంది. వేలు తగిలిన సంగతి దాని దేహానికి అంత త్వరగా ఎట్లా తెలిసింది? మరునాడు మళ్ళీ తాకితే, నిన్నటి సంగతి దానికి గుర్తుంటుందా? పిల్లలు అడిగే ఇట్లాంటి ప్రశ్నలను పట్టుకొని జీవితమంతా గడిపిన ఒక శాస్త్రజ్ఞుని గురించి ఈవేళ నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఆయన పేరు జాన్ జకరీ యంగ్. ఇంగ్లండులో 1907లో జన్మించి 1997లో కాలధర్మం చెందాడు. 1945 నుండి 1974 వరకు లండను యూనివర్సిటీ కాలేజీలో శరీరనిర్మాణశాస్త్రానికి ఆచార్యుడు. చదివినది మాత్రం జంతుశాస్త్రం. వైద్యపట్టం లేకుండా బ్రిటనులో ఆ పీఠాన్ని అధిష్ఠించిన మొదటివాడు ఆయనే.

యౌవనంలో ఆయన ఇటలీలోని నేపుల్స్ నగరానికి వెళ్ళాడు. అక్కడి సముద్రజీవ పరిశోధనాలయం 1872లో స్థాపింపబడినది. అక్కడ ఆయన చేపల నాడులను పరీక్షించసాగాడు. వాటిలో ఒకటి యురనోస్కోపస్. ఇది ఇసుకలో దేహాన్ని పూడ్చుకొని, నడినెత్తిన ఉన్న కండ్లతో ఎప్పుడూ పైకి చూస్తూ ఉండే చేప. మన కంటిపాపను విప్పే నాడులు వేరు, ముడిచే నాడులు వేరు. ఈ చేపలోనూ ఆ రెండు శాఖలూ ఉన్నవి. కాని వాటి పని తలక్రిందులుగా ఉన్నదని యంగ్ కనుగొన్నాడు. మనలో పాపను విప్పే శాఖ అక్కడ ముడుస్తుంది. ముడిచే శాఖ విప్పుతుంది. ఒక ప్రాణిని చూచి మరొక ప్రాణిని గురించి నిశ్చయంగా చెప్పరాదన్న పాఠం ఆయనకు ఆ విధంగా తొలినాళ్ళలోనే లభించింది.

నత్త, ఆల్చిప్ప, శంఖం, ఆక్టోపస్, స్క్విడ్ మొదలైన మెత్తని దేహం గల ప్రాణులను మొలస్కా వర్గమని అంటారు. వీటిలో స్క్విడ్ ఆపద వచ్చినప్పుడు దేహకోశంలోని నీటిని ఒక్కసారిగా బయటికి చిమ్మి, ఆ ఊపుతో వెనుకకు దూసుకొని పోతుంది. ఆ కోశపు గోడలో తెల్లని గొట్టాలవంటివి కొన్ని కనిపిస్తాయి. వాటిని చూచినవారు రక్తనాళాలనుకోవడం సహజం. 1909లోనే విలియమ్స్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు ఇవి నాడీతంతువులని వ్రాసినా, ఆ మాట మరుగున పడిపోయింది. యంగ్ వాటిని మళ్ళీ గమనించి, అవి నిజంగా నాడీతంతువులేనని 1936 నాటికి ఋజువు చేశాడు. కొన్నింటి మందం మిల్లీమీటరు దాకా ఉంటుంది. మన దేహంలోని మిక్కిలి లావైన తంతువుకంటే అది ఇంచుమించు 50 రెట్లు.

స్క్విడ్‌కు ఇంత లావు నాడి దేనికి? మన నాడీతంతువులకు కొవ్వుతో కూడిన తొడుగు ఉన్నది. అందుచేత అవి సన్ననివైనా వార్తను వేగంగా కొనిపోతాయి. స్క్విడ్‌కు ఆ తొడుగు లేదు. వేగం కావలెనంటే తంతువు లావు కావలసినదే. ఆ లావే శాస్త్రజ్ఞులకు వరమయింది. హాడ్జికిన్, హక్స్‌లీ అనే ఇద్దరు ఆంగ్లేయులు 1939లో ఆ తంతువు లోపలికే సన్నని విద్యుద్వాహకాన్ని దూర్చి, నాడిలో వార్త నడిచేటప్పుడు కలిగే విద్యుత్తు మార్పును కొలిచారు. నాడి పొరగుండా సోడియం లోనికి రావడం, ఆపైన పొటాసియం బయటికి పోవడం, ఈ రెండింటి ఫలితమే నాడీవార్త అని 1952లో వివరించారు. 1963లో ఎకిల్స్‌తో కలిసి నోబెల్ బహుమానం పొందారు. మీరు ఈ మాటలు వింటున్నప్పుడు మీ చెవినుండి మెదడుకు పోయే వార్త కూడా ఈ పద్ధతిలోనే నడుస్తున్నది.

వార్త నడవడం ఒక సంగతి. అది మనసులో నిలవడం మరొక సంగతి. రెండవ ప్రపంచయుద్ధానంతరం, 1947 నుండి, యంగ్ తన సహచరుడు బాయ్‌కాట్‌తో కలిసి నేపుల్స్‌లోనే ఆక్టోపస్ జ్ఞాపకశక్తిని పరిశోధించాడు. తొట్టిలో రాళ్ళ మాటున ఆక్టోపస్ కూర్చుంటుంది. ఎండ్రకాయను వదలితే వచ్చి పట్టుకొని తింటుంది. ఎండ్రకాయతోపాటు ఒక తెల్లని పలకను చూపినప్పుడు మాత్రం, దగ్గరకు వస్తే చిన్న విద్యుత్తు దెబ్బ తగులుతుంది. కొన్ని పర్యాయాలు ఇట్లా జరిగిన తరువాత ఆక్టోపస్ నేర్చుకుంటుంది. పలక లేకపోతే వస్తుంది. పలక ఉంటే కదలదు.

ఆ తరువాత దాని మెదడులో అన్నిటికంటె పైన ఉన్న చిన్న భాగాన్ని తొలగించారు. ఆక్టోపస్ మునుపటివలెనే ఈదింది, చూచింది, తిన్నది. కాని పలకను చూపినా ఎండ్రకాయమీదికి వచ్చింది. దెబ్బ తిన్న కొద్ది నిమిషాలకే మళ్ళీ చూపితే జాగ్రత్తపడింది. చాలాసేపటి తరువాత చూపితే, ఏమీ ఎరుగనిదానివలె మళ్ళీ వచ్చింది. క్షణకాలపు గుర్తు వేరు, నిలిచిపోయే గుర్తు వేరు అని 1955లో వెలువడిన ఈ పరిశోధన సూచించింది. అమెరికాలో మూర్ఛరోగ నివారణకై మెదడులో కొంత భాగం తీసివేయబడిన ఒక మనిషి విషయాన్ని 1957లో ప్రకటించారు. ఆయన అప్పుడే విన్న మాటను కొంతసేపు నిలుపుకోగలడు. పరధ్యానం కలిగితే మరచిపోతాడు. చిన్ననాటి సంగతులు మాత్రం చెప్పగలడు. మనిషి మెదడు నిర్మాణం వేరు, ఆక్టోపస్ మెదడు నిర్మాణం వేరు. అయినా కొత్త గుర్తును నిలిపే పని మెదడులో కొన్ని ప్రత్యేకస్థానాలపై ఆధారపడి ఉన్నదని రెండుచోట్లా తేలింది.

ఈ సంగతి చదివినప్పుడు నాకు మా పెద్దత్తయ్య జ్ఞాపకం వచ్చింది. చివరిదశలో ఆమె "నాయనా, భోజనం చేశావా?" అని గంటలో నాలుగుమార్లు అడిగేది. చేశానంటే సంతోషించి, మళ్ళీ అడిగేది. తాను కొత్తకోడలుగా గోదావరిమీద పడవలో అత్తవారింటికి వెళ్ళిన ప్రయాణం మాత్రం, పడవవాని పేరుతో సహా చెప్పేది. మేము పిల్లలం నవ్వేవాళ్ళం. కొన్నాళ్ళకు విసుక్కునేవాళ్ళం కూడా. ఆమె వినకపోవడమూ కాదు, పట్టించుకోకపోవడమూ కాదు. విన్నమాట నిలవడానికి చోటు లేకపోయింది. అది అప్పుడు మాకు తెలియలేదు. తెలిసి ఉంటే నాలుగవ మారు కూడా మొదటి మారువలెనే జవాబు చెప్పేవాళ్ళం.

ఇంత నేర్పిన ప్రాణికి మనమూ ఋణపడి ఉన్నాము. గుర్తుంచుకోగలిగిన ప్రాణి బాధపడనూ గలదన్న ఆలోచన క్రమంగా బలపడింది. ప్రయోగాలకు వాడే జంతువుల రక్షణచట్టాన్ని బ్రిటనులో 1993లో ఆక్టోపస్‌కు కూడా వర్తింపజేశారు.

యంగ్ రేడియో శ్రోతలకు కొత్తవాడు కాదు. 1950లో బి.బి.సి. వారి రీత్ ఉపన్యాసాలు చేసినది ఆయనే. విజ్ఞానశాస్త్రంలో సందేహమూ నిశ్చయమూ అన్నది ఆయన తీసుకున్న విషయం. రక్తనాళమని తోచినదానిని సందేహించినందువల్లనే ఆయనకు నాడి దొరికింది. ఇంట్లో పెద్దవారు అడిగినదే అడిగినప్పుడు, ఇది మొండితనమని నిశ్చయించుకోకముందు మనమూ ఒక్క క్షణం సందేహించడం మంచిది.