పక్కన మనిషి ఉండగా చూడవలసిన సినిమాలు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్తు కార్డుల గురించి నాకు ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. భోజనాలకి ఇంకా వ్యవధి ఉంది కాబట్టి స్నేహం, ప్రేమ, పండగ ఈ మూడింటి మీద వచ్చిన సినిమాల్లో నీకు నచ్చినవి చెప్పవయ్యా అన్నారు కార్యదర్శిగారు. సర్వీసంతా ఫైళ్ళ మీద "తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది" అని రాసినవాణ్ణి. ఈవేళ కూడా అదే పద్ధతిలో అయిదు సినిమాలు మీ ముందు పెడుతున్నాను. ఉత్తర్వులు మీవి.

మొదటిది మిస్సమ్మ. ఎల్.వి. ప్రసాద్‌గారి దర్శకత్వంలో 1955 సంక్రాంతికి వచ్చింది. నేను చూసింది చాలా ఏళ్ళ తరవాత, టూరింగ్ టాకీసులో, నేల టిక్కెట్టు మీద. బి.ఏ. చదివి ఉద్యోగం దొరకని ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. అప్పాపురం బడికి పంతుళ్ళు కావాలని పేపర్లో ప్రకటన పడుతుంది. కాని దంపతులే కావాలట. ఇద్దరూ మొగుడూపెళ్ళాలమని అబద్ధమాడి చేరిపోతారు. మన కొలువుల్లోనైతే తప్పుడు డిక్లరేషను కింద చార్జి మెమో వచ్చి ఉండేది! రామారావు, సావిత్రి సినిమా అంతా పోట్లాడుకుంటూనే ఉంటారు. అలా పోట్లాడుకుంటూనే ఒకరికొకరు అలవాటైపోతారు. ముందు స్నేహం, తరవాత ప్రేమ. పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళు చేసుకున్న మనకి ఈ వరస కొత్తేమీ కాదు. 1991లో బాపుగారు పెళ్ళిపుస్తకంలో దీన్నే తిరగేశారు. అందులో నిజంగా పెళ్ళయినవాళ్ళు ఉద్యోగం కోసం కాలేదని చెబుతారు. మనవలకి రెండూ వరసగా చూపించండి.

రెండోది మన పక్క ఊరి కథ, కేరాఫ్ కంచరపాలెం. కొత్తవలసలో పాసింజరెక్కి పెందుర్తి, సింహాచలం దాటాక, విశాఖపట్నం స్టేషను ఇంకాసేపట్లో వస్తుందనగా తగిలే కంచరపాలెమే అది. వెంకటేశ్ మహా తీశారు, 2018లో వచ్చింది. నటించినవారిలో ఎక్కువమంది ఆ పేటవాళ్ళే. అందుకే మాట కూడా మన మాటే. సినిమాల్లో మన యాసని నవ్వించడానికే వాడుకోవడం చూసి చూసి విసిగినవాణ్ణి. ఇందులో అదే యాసలో ప్రేమించారు, ఏడ్చారు, దేవుణ్ణి నిలదీశారు. కథానాయకుడు ప్రభుత్వాఫీసులో అటెండరు. నలభై తొమ్మిదేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. ఆ ఆఫీసుకి బదిలీ మీద ఒక ఆఫీసరమ్మ వస్తుంది. ఒరిస్సా మనిషి, భర్త పోయారు, ఎదిగిన కూతురుంది. బెల్లు కొడితే వచ్చి నిలబడే మనిషికీ ఒక మనసుందని చూపించిన సినిమా ఇది. ఆఖర్న ఒక మెలిక ఉంది. అది నేను చెప్పను, చూసినవారు కూడా పక్కవారికి చెప్పకండి.

మూడోది స్నేహం మీద. పేరు ఊపిరి, 2016లో వచ్చింది. ఒక ఫ్రెంచి చిత్రం ఆధారంగా వంశీ పైడిపల్లి తీశారు. ప్రమాదంలో మెడ కింద భాగమంతా చచ్చుబడిపోయిన కోటీశ్వరుడు నాగార్జున. ఆయన్ని చూసుకోవడానికి వచ్చిన జైలు కుర్రాడు కార్తి. అందరూ ఆయన్ని చూసి అయ్యో పాపం అంటుంటే, వీడొక్కడు అనడు. వేళాకోళమాడతాడు, బయట తిప్పుతాడు. ఆయనకి కావలసింది అదే. మనలో మోకాళ్ళు పట్టేసినవారు, పక్షవాతం వచ్చినవారు ఉన్నారు. చూడ్డానికి వెళ్ళినప్పుడు మాత్రల గురించి అడిగి, నిట్టూర్చి, వచ్చేస్తాం. ఈ సినిమా చూసి వెళితే, పాత ఆఫీసు కబుర్లు నాలుగు చెప్పి నవ్వించి వస్తాం.

నాలుగోది పండగ సినిమా, శతమానం భవతి. 2017 సంక్రాంతికి వచ్చింది, జాతీయ అవార్డు కూడా తెచ్చుకుంది. పల్లెటూళ్ళో ముసలి దంపతులు ప్రకాశ్‌రాజ్, జయసుధ. పిల్లలు విదేశాల్లో ఉంటారు, ఏళ్ళ తరబడి రారు. భార్య బెంగ చూడలేక ఆయన విడాకులు తీసుకుంటున్నామని కబురు పెడతాడు. పరుగెత్తుకొస్తారు! మనకి అంత పని అక్కర్లేదు. ఇందులో పిల్లల తప్పే చూడకండి. వాళ్ళకి సెలవు దొరకదు, దొరికితే రైల్లో బెర్తు దొరకదు. లీవు శాంక్షను కాక, ఈసారి పండక్కి రాలేనని అమ్మకి కార్డు ముక్క రాసిన రోజులు మనకీ ఉన్నాయి. భోగి నాటికి రాలేకపోతే ముక్కనుమ తరవాత రమ్మనండి. అరిసెలు నిలవుంటాయి. వాళ్ళొచ్చాక అందరూ కూర్చుని చూడవలసిన సినిమా.

అయిదోది మిథునం. శ్రీరమణగారి కథ, తనికెళ్ళ భరణిగారు 2012లో తీశారు. మన సిక్కోలు ప్రాంతంలోనే తీశారు. తెర మీద ఇద్దరే మనుషులు, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. పిల్లలు అమెరికాలో. ఇద్దరికీ పెరడు, వంటిల్లు, తిండియావ, చిన్న చిన్న అలకలు. అంతే కథ. మా ఇంట్లో ఇద్దరం కలిసే చూశాం. అప్పదాసు తిండిగోల చూసి మా ఇంటావిడ, "కాఫీ కలుపుకోడం కూడా రాని మనిషి మీరు, నేను ముందు పోతే ఎలాగో" అంది. అలాగే అయింది. ఆవిడ పోయి నాలుగేళ్ళు. కాఫీ కలపడం నేర్చుకున్నాను. ఈ సినిమా మాత్రం ఒంటరిగా రెండుసార్లు మొదలెట్టి సగంలో కట్టేశాను. నవ్వొచ్చే చోట అలవాటుగా పక్కకి తిరుగుతాను. కుర్చీ ఖాళీగా ఉంటుంది.

మూడోసారి మన సభ్యులొకరు సాయంత్రం వాకింగుకి వచ్చి కూర్చున్నారు. ఆయనా నాలాటివారే. ఇద్దరం చివరిదాకా చూశాం. అయ్యాక ఆయన, వాళ్ళావిడ పెట్టే మాగాయ గురించి గంటసేపు చెప్పారు. ఆయన అంతసేపు మాట్లాడగా నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా వినలేదు.

అధ్యక్షా! నేను ఈ వేదికెక్కింది దీనికోసమే. మన సభ్యుల్లో చాలామందిని ఏడాదికి ఒకసారి లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చేటప్పుడు చూస్తున్నాం. మళ్ళీ చూసేది ఎవరిదో ఒకరి సంతాప సభలో. మధ్యలో ఎవరి గదిలో వారు, ఎవరి ఫోను వారు. ఇళ్ళల్లో సినిమాలకి కరువు లేదు. పక్కన కూర్చునే మనిషికే కరువు.

సర్వీసులో ఉండగా రెండో శనివారం కోసం ఎంత ఎదురుచూసేవాళ్ళం! ఇప్పుడు అన్నీ సెలవులే కావడంతో దానికి రుచి పోయింది. ఆ రుచి మళ్ళీ తెచ్చుకుందాం. ప్రతి నెలా రెండో శనివారం మధ్యాహ్నం సంఘం గదిలో ఒక సినిమా వేద్దాం. టీవీ ఉంది, వార్తలకి తప్ప వాడ్డం లేదు. టీ ఖర్చు నలుగురం పంచుకోవచ్చు. షరతు ఒక్కటే. వచ్చే ప్రతివారూ ఇల్లు కదలని సభ్యుణ్ణి ఒకరిని వెంటబెట్టుకు రావాలి. నడవలేనివారికి ఆటో మనమే మాట్లాడదాం. సభ్యుల భార్యలు, పోయిన సభ్యుల భార్యలు, ఫ్యామిలీ పెన్షను తీసుకుంటున్న మా సోదరీమణులు తప్పక రావాలి. మొదటి సినిమా మిస్సమ్మ. మిథునం నాలుగైదు నెలలు పోయాక, ఒకరికొకరు అలవాటయ్యాక వేసుకుందాం.

దీన్ని తీర్మానంగా ప్రవేశపెడుతున్నాను. ఎవరైనా బలపరచవలసిందిగా కోరుతున్నాను.