అద్దె ఇంట్లో మరణము సంభవిస్తే

 

ఈ దినము మన ధ్యానమునకు ఆదికాండము 23వ అధ్యాయము తీసుకుందాము. శారా తన 127వ ఏట హెబ్రోనులో మృతిపొందింది. అబ్రాహాముకు మందలున్నాయి, వెండి ఉంది, పనివారున్నారు. కాని భార్యను పాతిపెట్టుకొనుటకు జానెడు సొంత నేల లేదు. అతడు తన మృతుని యెదుటనుండి లేచి, ఆ ఊరి వారైన హేతు కుమారుల దగ్గరకు వెళ్లి, నేను మీ మధ్య పరవాసిని అని చెప్పుకోవలసి వచ్చింది.

పరవాసి అంటే ఎవరో తెలియాలంటే మనము కనాను దేశము వరకు వెళ్లనక్కరలేదు. హైదరాబాదులో అమీర్‌పేట చుట్టుప్రక్కల మధురానగర్, ఎల్లారెడ్డిగూడ, సంజీవరెడ్డి నగర్ వీధులలో ఒక్కసారి నడచి చూడండి. ఇరుకైన వీధి. రెండు ప్రక్కలా నాలుగైదు అంతస్తుల అపార్టుమెంట్లు. క్రింద సెల్లార్‌లో బండ్లు. మెట్ల ప్రక్కన చిన్న గదిలో వాచ్‌మన్ కుటుంబము. గేటుకు వేలాడే టు-లెట్ బోర్డు. ఒక ఫ్లాటులో సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకోవడానికి వచ్చిన అబ్బాయిలు, ఎదుటి ఫ్లాటులో పిల్లల చదువు కోసం శ్రీకాకుళము నుండి వచ్చిన కుటుంబము, పైన వృద్ధులైన తల్లిదండ్రులను తెచ్చుకొని ఉంచుకున్న ఒక ఉద్యోగిని. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశపు పట్టణాలలో ప్రతి నూరు కుటుంబాలలో 27కు పైగా అద్దె ఇళ్లలోనే ఉన్నాయి. ఇటువంటి వీధులలోనైతే అద్దెవారే ఎక్కువ.

అగ్రిమెంటు 11 నెలలకు వ్రాసుకుంటారు. అడ్వాన్సు ఎంత, మెయింటెనెన్స్ ఎంత, ఖాళీ చేసేటప్పుడు రంగులు ఎవరు వేయించాలి, మేకులు కొట్టవచ్చునా కొట్టకూడదా, అన్నీ మాట్లాడుకుంటారు. ఒక్క సంగతి మాత్రము ఎవరూ నోరు తెరచి అడగరు. ఈ ఇంట్లో ఎవరైనా చనిపోతే ఏమిటి?

అడగరు గాని, అందరికీ తెలుసు. ఆసుపత్రిలో కన్నుమూసిన వారిని అద్దె ఇంటి గడప దాటనివ్వని ఓనర్లు ఉన్నారు. అంబులెన్సును అటునుండి అటే స్వగ్రామమునకు మళ్లించుకొన్న కుటుంబాలు ఉన్నాయి. 2017 సెప్టెంబరులో కూకట్‌పల్లిలో ఒక తల్లి, జ్వరముతో చనిపోయిన తన బిడ్డ శవమును ఇంటి యజమాని లోపలికి రానివ్వకపోతే, వానలో రాత్రంతా వీధిలోనే గడిపిన సంగతి పత్రికలలో వచ్చింది. సేవకునిగా నేనును వీధి ప్రక్కన షామియానా క్రింద, రెండు కార్ల నడుమ ఫ్రీజర్ బాక్స్ పెట్టుకొని భూస్థాపన ఆరాధన జరిగించియున్నాను. ఇల్లు రెండవ అంతస్తులోనే ఉంది. పైకి తీసికొనిపోవడానికి అనుమతి లేదు.

యజమానులను నిందించడానికి ఈ మాట చెప్పడము లేదు. వారి భయము వారికున్నది. ఇంట్లో మరణము జరిగిందని తెలిస్తే మళ్లీ ఎవరూ అద్దెకు రారేమో, నెలల తరబడి ఖాళీగా ఉంటుందేమో, బ్యాంకు వాయిదా ఎలా కట్టాలి అని భయము. అయితే నేను ఈ ఉదయము మాట్లాడుచున్నది ఇల్లు గల విశ్వాసులతో. మీ గుమ్మము మీద వాక్యము వ్రాయించుకున్నారు. ఆ గుమ్మములోనుండి అద్దెవారి మృతదేహమునకు ప్రవేశమున్నదా?

మొదటిగా, హేతు కుమారులను చూడండి. వారు అబ్రాహాము దేవుని ఎరిగినవారు కారు. అయినను, మా సమాధులలో శ్రేష్ఠమైన దానిలో పాతిపెట్టుకొమ్ము, మాలో ఎవడును అడ్డు చెప్పడు అన్నారు. అబ్రాహాము ఊరక తీసుకొనక 400 తులముల వెండి తూచి మక్పేలా పొలమును కొన్నాడు, అది వేరే సంగతి. అన్యులైనవారు పరవాసి దుఃఖము ఎదుట తలుపు మూయలేదు.

రెండవదిగా, అరిమతయియ యోసేపును చూడండి. మన ప్రభువుకు తల వాల్చుకొనుటకు స్థలము లేదు. మరణమందును సొంత సమాధి లేదు. మైల అనేది మన దేశములోనే ఉన్నదని అనుకోవద్దు. సంఖ్యాకాండము 19వ అధ్యాయము ప్రకారము శవమును ముట్టినవాడు ఏడు దినములు అపవిత్రుడు. అది పస్కా పండుగ కాలము. యోసేపు గౌరవము గల పెద్దమనిషి. అయినను పిలాతు నొద్దకు వెళ్లి దేహమును అడిగి తీసుకొని, తన కొరకు తొలిపించుకొన్న క్రొత్త సమాధిలో ఉంచాడు. ఆ సమాధి పాడైపోయినదా? మూడవ దినమున లోకమంతటికీ నిరీక్షణ అక్కడినుండే బయలుదేరింది! ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లి, కొవ్వొత్తులు వెలిగించి, లేచియున్నాడని పాడుకొనే మనము, పండ్రెండు గంటలసేపు ఒక దేహము మన ఇంట్లో ఉంటే ఇల్లు పాడవుతుందని ఎలా భయపడగలము?

మూడవదిగా, అద్దెకున్న మీతో ఒక మాట. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయములో పౌలు రోమా పట్టణములో రెండేండ్లు అద్దె ఇంటిలోనే ఉన్నాడు. సంకెళ్లతో, సైనికుని కావలిలో ఉండియు, తనయొద్దకు వచ్చినవారినందరినీ చేర్చుకున్నాడు. మనము, ఎలాగూ వెళ్లిపోయేవాళ్లమే గదా, మనకెందుకు అని ఎదుటి ఫ్లాటువారి పేరు కూడా అడగము. పల్లెలో చావు ఇంట పొయ్యి వెలగదు, ఇరుగుపొరుగు వారే అన్నము వండి తెస్తారు. ఆ అలవాటును లిఫ్టు ఎక్కి వచ్చేటప్పుడు క్రిందనే వదలివేశామా? పదకొండు నెలల కాపురమైనా పదకొండు నెలల పొరుగువాడవే.

కాబట్టి ప్రియులారా, ఇల్లు గలవారు ఈసారి తాళము చెవి చేతికిచ్చేటప్పుడు, జబ్బు వచ్చినా, పురుడు వచ్చినా, చావు వచ్చినా ఇది మీ ఇల్లే అని నోటితో చెప్పండి. అద్దెకున్నవారు మీ మెట్ల మీద ఎదురుపడే వారి పేర్లు, ఫోను నంబర్లు ఈ వారమే తెలుసుకోండి. వాచ్‌మన్ గదిని మరువకండి. సంఘ పెద్దలారా, ఎవరి ఇంటి తలుపైనా మూయబడిన రాత్రి, వారు ఏ మతస్థులైనను, మందిరపు ఆవరణ తెరచి, ఒక లైటు వేసి, నాలుగు కుర్చీలు వేయండి. ఆ రాత్రి మీరు ప్రసంగము చేయనక్కరలేదు.

ప్రార్థించుకుందాము. పరవాసుల దేవా, పరుల సమాధిలో ఉంచబడిన ప్రభువా, మా తలుపులను, మా మనస్సులను తెరువుము. నీవు ఇచ్చిన ఇల్లు దుఃఖములో ఉన్నవారికి ఆశ్రయమగునట్లు చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.